రెండు వేళ్ళ తేడా

బేసిన్ కింద దూరి వెల్లకిలా పడుకోవడం ఒకప్పుడు నాకు సొంత మంచం మీద ఒరిగినంత సులువు. ఇప్పుడు ముందు పొట్ట ఒప్పుకోవాలి, తర్వాత మెడ ఒప్పుకోవాలి, ఆఖరికి ఎడమ భుజం కూడా సరేననాలి, ఇంతమందిని బతిమాలుకుని లోపలికి చేరేసరికి పళ్ళ మధ్య పట్టుకున్న టార్చి జారి చెవి పక్కన పడింది. ఈ వయసులో నువ్వెళ్ళి దూరాలా, నీ దగ్గర పనిచేసేవాళ్ళలో ఒకణ్ణి పంపితే పోదా అని మా ఆవిడ బయల్దేరేటప్పుడే అంది. పంపను. ఈ ఇంటి నుంచి నాకు ఫోను రావడం ఆరేళ్ళలో ఇదే మొదటిసారి. తమ్ముడు పోయి నాలుగు నెలలు, అంతకు ముందు వాడూ నేనూ మాట్లాడుకోక ఆరేళ్ళు, నిన్న సాయంత్రం మరదలు ఫోన్ చేసి, బావగారూ, బాత్రూంలో బేసిన్ కింద నీళ్ళు కారుతున్నాయి, ఒకసారి వచ్చి చూస్తారా అంది. అంతే, బాగున్నారా అని కూడా లేదు. వస్తానమ్మా, పొద్దున్నే వస్తాను అన్నాను, ఆమె పెట్టేశాక కూడా ఫోను చెవికి ఆనించుకుని వస్తానమ్మా వస్తానమ్మా అంటూనే ఉన్నానట, మా ఆవిడ ముందు నవ్వింది, నా మొహం చూసి మానేసింది. తమ్ముడు పోయిన రోజు ఈ మరదలు నా వంక చూడను కూడా లేదు, నేను ఎదురుగా వెళ్ళి నిలబడితే పక్కకు తప్పుకుని లోపలికి వెళ్ళిపోయింది. కాబట్టి ఇవాళ నాకు కావలసింది బేసిన్ బాగవడం ఒక్కటే కాదు, ఈ గుమ్మం నాకు మళ్ళీ తెరుచుకోవాలి. ఈ ఇంట్లో ఏడేళ్ళ పిల్ల ఉంది, నన్ను పెద్దనాన్నా అని పిలవాల్సిన పిల్ల, ఆఖరిసారి ఎత్తుకున్నప్పుడు నా చొక్కా నిండా పాలు కక్కింది, ఇప్పుడు స్కూలుకు వెళ్ళిందట. పని చక్కగా చేసి, చేతులు కడుక్కుని, ముందు గదిలో కాసేపు కూర్చుని, ఆదివారం రండి అనిపించుకుని వెళ్ళాలి. ఆమె ఆఫీసుకు గంట ఆలస్యంగా వస్తానని చెప్పిందట, నాకున్నది ఆ గంటే.

చుక్క పడింది, కింద పెట్టిన నీలం మగ్గులోకి. ఎక్కణ్ణుంచి పడుతుందో టార్చి వేసి చూడక్కర్లేదు, వేలు పెడితే తెలుస్తుంది. బేసిన్ నుంచి దిగే పైపు, దాని కింద కుప్పె, ఆ కుప్పెలో ఎప్పుడూ కాసిని నీళ్ళు నిలిచి కాలువ కంపును పైకి రానివ్వవు, ఆ కుప్పె నుంచి ఒక చెయ్యి అడ్డంగా వెళ్ళి గోడలో ఉన్న పైపులో దూరుతుంది, ఇంతే సంగతి, చిన్నపిల్లాడికి కూడా అర్థమవుతుంది. ఆ చెయ్యి గోడలోకి తిన్నగా వెళ్ళాలి. ఇక్కడ వెళ్ళడం లేదు. రెండు వేళ్ళ మందం పక్కకు వంకరపోయి, ఏటవాలుగా గోడలో దూరింది. ఏటవాలుగా దూరిన పైపు ఒక పక్క వాషర్ని నొక్కేస్తుంది, ఇంకో పక్క వదిలేస్తుంది, నొక్కినవైపు నువ్వు పానా పెట్టి ప్రాణం పోయేలా బిగించినా వదిలినవైపు కారుతూనే ఉంటుంది. చూశారా, అనుకున్నాను, అచ్చం వాడి పనే. ఇక్కడ కూడా అంతే చేశాడు. నా తమ్ముడు పోయాడన్న దుఃఖం ఒకవైపు నిజంగా ఉండగానే, ఇంకోవైపు నుంచి ఈ మాట ఎంత హాయిగా వచ్చిందో చెబితే మీరు నన్ను గుమ్మంలోకి రానివ్వరు. ఆరేళ్ళ కింద కంటి డాక్టరుగారింట్లో, నీళ్ళు కారితే తప్పు వాడిదేనని నేను అన్న మాట నిజమేనని ఈ వంకర పైపు సాక్ష్యం చెబుతున్నట్టు అనిపించి, గుండెల మీద బరువు కాస్త దిగింది. అసలు నేను వచ్చింది ఈ పైపును చూడటానికేనేమో కూడా.

పిచ్చుక అనేవాళ్ళం వాణ్ణి. సన్నగా, పొట్టిగా, ఏ సందులోనైనా దూరేవాడు, దూరాక లోపల ఏదో కూనిరాగం తీస్తూ ఉండేవాడు, ఇంటివాళ్ళు బేసిన్ పాడుతోందని నవ్వేవారు. పని నేర్పింది నేనే. కళ్ళు మూసుకుని వాషర్ని వేలితో తడిమి ఎక్కడ చిట్లిందో చెప్పరా అంటే మూడో రోజుకే చెప్పాడు, నాకు మూడు నెలలు పట్టిన విద్య, అప్పుడు పొంగిపోయాను, కాస్త ఒళ్ళు కూడా మండింది, రెండూ నిజమే. తర్వాత ఇద్దరం పని పంచుకున్నాం. గోడ నాది, గోడ బయట వాడిది. ఇటుక గోడ లేచాక, పూత పూయకముందే నేను వెళ్ళి కొలిచి, గాడి కొట్టి, పైపులు లోపల పెట్టి వచ్చేవాణ్ణి. తర్వాత తాపీవాళ్ళు పూత పూస్తారు, టైల్స్ వేస్తారు, అన్నీ అయ్యాక వాడు వెళ్ళి బేసిన్లూ కొళాయిలూ బిగిస్తాడు. టైల్స్ పడ్డాక నేను ఆ ఇంటి గడప తొక్కేవాణ్ణి కాదు, అది వాడి రాజ్యం అనేవాణ్ణి గొప్పగా. గోడ మీద ఎర్ర పెన్సిలు గీత గీస్తుంటే వాడు వెనకనుంచి, పూత కలిపావా అన్నయ్యా అనేవాడు. ప్రతి ఇంట్లోనూ అదే ప్రశ్న. పక్క గోడ నుంచి కొలిచేటప్పుడు ఉత్త ఇటుక నుంచి కొలిస్తే చాలదు, రేపు ఆ గోడ మీద పూత వస్తుంది, టైలు వస్తుంది, అంతా కలిసి అంగుళమున్నర ముందుకొస్తుంది, అది కలుపుకుని గీత గియ్యాలి. ఈ ముక్క వాడికి నేర్పింది నేను, మళ్ళీ నాకే చెబుతాడా అని కసురుకునేవాణ్ణి, కసురుకుంటూనే తుడిచి ఇంకో గీత గీసేవాణ్ణి, వాడు నవ్వు దాచుకునేవాడు. దాచుకున్నా ఆ నవ్వు నాకు తెలిసిపోయేది.

సరే, నట్టు విప్పాను. మగ్గులోకి భళ్ళున నీళ్ళు, మోచేతి మీదుగా చంకలోకి, ఆ కంపు నాకు అత్తరుతో సమానం, నలభై ఏళ్ళుగా అదే అన్నం పెట్టింది. కుప్పె చెయ్యి గోడలోంచి లాగితే వాషరొక్కటే రాలేదు, దాంతోపాటు ఇంకేవో నల్లటి ముక్కలు చేతిలో పడ్డాయి. టార్చి దగ్గరికి పెట్టి చూశాను. సైకిలు ట్యూబు ముక్కలు. ఒక్కోటీ నెలవంకలా కత్తిరించాడు, ఒక పక్క మందం, ఇంకో పక్కకు వచ్చేసరికి సన్నగా, గోరంత కూడా తేడా లేకుండా. ఒకదాని మీద ఒకటి నాలుగు. అడుగుది గట్టిపడి పగిలిపోయింది, దాని మీదది అంచులు తెల్లబడ్డాయి, మూడోది పర్వాలేదు, నాలుగోది ఇంకా మెత్తగానే ఉంది. అంటే ఏడాదికో రెండేళ్ళకో వాడు ఇక్కడే, ఇలాగే పడుకుని, ఎటువైపు సందు ఉందో అటువైపుకే సరిపడా రబ్బరు కోసి, వంకరను నింపుకుంటూ వచ్చాడు. ఇలా కొయ్యడానికి ఎంత ఓపిక కావాలో నాకు తెలుసు, నా వల్ల కాదు. ముందు నవ్వొచ్చింది. ఓరి పిచ్చివాడా, ఇంత తంటా ఎందుకు, బేసిన్‌ని రెండు వేళ్ళు జరిపి బిగిస్తే పోయేదిగా అనుకున్నాను. పైకి తల పెట్టి చూస్తే, జరపడానికి లేదు, ఇంకాస్త జరిపితే పక్క గోడ మోచేతికి తగిలి మొహం కూడా కడుక్కోలేరు. బేసిన్ ఉండాల్సిన చోటే ఉంది. మరి తప్పు ఎక్కడుంది. కొలత టేపు తీశాను, పక్క గోడ టైలు నుంచి బేసిన్ మధ్యకు పదిహేను అంగుళాలు, సరిగ్గా మా లెక్క, మేము ఎప్పుడూ వేసే లెక్క. టైలు నుంచి గోడలో పైపు మధ్యకు పదమూడున్నర.

రెండోసారి కొలిచాను. మూడోసారి కొలవడానికి టేపు పట్టుకున్న చెయ్యి ఒప్పుకోలేదు. పదమూడున్నరకు పూత, టైలు కలిపితే పదిహేను. అంటే పైపు పెట్టినవాడు ఉత్త ఇటుక నుంచి కొలిచాడు. పూత కలపలేదు. ఇంతకీ ఆ పైపు పెట్టినవాడు ఎవరయ్యా అంటే, ఈ ఇల్లు కట్టి తొమ్మిదేళ్ళు, పునాది పడ్డ రోజే వాడి భుజం మీద చెయ్యి వేసి, నీ ఇంట్లో గోడలు నావిరా, నువ్వు ముట్టుకోవడానికి వీల్లేదు, ఇది అన్న పెట్టే చీర అనుకో అన్నాను, చీర నాకెందుకు అన్నయ్యా అని వాడు నవ్వాడు. గోడలో పైపులు పెట్టిన రోజు మాత్రం వాడు ఇంకో చోట ఫిట్టింగులో ఉన్నాడు. నేనొక్కణ్ణే వచ్చాను, ఎర్ర పెన్సిలు గీత గీసేటప్పుడు వెనక ఎవరూ లేరు, ఎవరూ ఏమీ అడగలేదు. టైల్స్ పడ్డాక వాడు బేసిన్ బిగించుకోవడానికి దూరినప్పుడే చూసి ఉంటాడు, చూసే ఉంటాడు, కళ్ళు మూసుకుని వాషరు చెప్పేవాడికి ఇది కనపడదా. గృహప్రవేశం రోజు నన్ను ఇల్లంతా తిప్పి, గోడల పని బాగా వచ్చింది అన్నయ్యా అన్నాడు. నేను మీసం తడుముకున్నాను. మీసం తడుముకుంటున్నప్పుడు వాడి జేబులో ట్యూబు ముక్కలు ఉన్నాయో లేదో, దేవుడికి తెలియాలి.

ఇక డాక్టరుగారింటి సంగతి. మనసు అటు వెళ్ళవద్దంటే వినడం లేదు, బేసిన్ కింద పడుకున్నవాడికి పారిపోయే చోటు కూడా ఉండదు. అది మేడ మీద బాత్రూము, కింద భోజనాల గది, అక్కడి గోడ కొలిచిన రోజు కూడా నేనొక్కణ్ణే. ఒక ఆదివారం వాళ్ళు భోంచేస్తుండగా పైకప్పు పూత ఉబ్బి బల్ల మీద ఊడిపడింది, ఎవరికీ ఏమీ కాలేదు, పప్పులో సున్నం పడింది, అంతే. మర్నాడు అందరూ ఉన్నారు, టైల్స్ మేస్త్రి, కరెంటు మేస్త్రి, రంగులవాళ్ళు, డాక్టరుగారి అత్తగారు కూడా. ఎవరి పని ఇది అన్నారు డాక్టరుగారు. బేసిన్ కింద చూశాను, అతుకు దగ్గర కారుతోంది, అతుకు వాడి పని. మా తమ్ముడి పనండీ అన్నాను, వేలు చూపించి మరీ అన్నాను, ఎన్నిసార్లు చెప్పినా బుర్రకెక్కదండీ అని ఇంకో ముక్క కూడా తగిలించాను. వాడు కింద దూరి ఒకసారి గోడలో పైపు మీద చెయ్యి పెట్టాడు, బయటికి వచ్చి నా వంక చూశాడు. నేను ఏదో అంటాడనుకుని మాట సిద్ధం చేసుకున్నాను. సరే అన్నయ్యా అన్నాడు. పానాలు సర్దుకుని వెళ్ళిపోయాడు, మళ్ళీ నాతో పనికి రాలేదు, ఆ మాట ఊరంతా పాకింది కాబట్టి ఇంకెవరూ పిలవలేదు, స్కూలు బస్సు తోలుకున్నాడు. పొగరు, ఒక్క మాట అన్నందుకే అంత పొగరా అని నేను అందరికీ చెప్పుకున్నాను. మరి ఆ బేసిన్ బాగుచేసింది ఎవరు. నేనే. తర్వాతి ఆదివారం ఒక్కణ్ణే వెళ్ళాను, ఎవరినీ వెంట తీసుకెళ్ళలేదు, ఎందుకు తీసుకెళ్ళలేదో ఇంతకాలం నన్ను నేను అడగలేదు. అక్కడ కొలత టేపు సంచిలోనే ఉంచాను, బయటికి తీయలేదు. కొలవక్కర్లేకుండానే కనపడింది. రెండు వేళ్ళు. చూశాను, చూసీ చూడనట్టు, ఎటు కావాలంటే అటు వంగే ముడతల పైపు ఒకటి తగిలించి, చేతులు దులుపుకుని వచ్చాను. తెలియక అన్నానని ఇప్పుడు ఎవరితోనైనా అనవచ్చు. అన్న రోజు తెలియదు, నిజమే. వారం తిరిగేసరికి తెలుసు. ఆ వారం తర్వాత ఆరేళ్ళు ఉన్నాయి.

వాడికి జ్వరం అని తెలిసింది, జ్వరం ఊపిరితిత్తులకు పాకిందని తొమ్మిదో రోజు తెలిసింది, బస్సెక్కి ఆస్పత్రికి వెళ్ళాను, వరండా చివరిదాకా వెళ్ళాను, వాడి గది తలుపు సగం తీసి ఉంది, బయట మరదలి చెప్పులు. లోపలికి వెళ్ళి ఏమని మొదలుపెట్టాలి, జ్వరం ఎలా ఉందిరా అనా. బల్ల మీద కూర్చుని మాట వెతుక్కున్నాను, నర్సు వచ్చి ఎవరి తాలూకండీ అంది, ఎవరి తాలూకూ కాదమ్మా, ఊరికే కూర్చున్నాను అన్నాను. మనసులోని మాట కాదది, అయినా నా నోట్లోంచే వచ్చింది. రేపు వద్దాంలే అనుకుని లేచాను. ఆ రాత్రి దాటి తెల్లవారేసరికి వాడు లేడు.

ఇంతలో వంటింట్లో గ్లాసు పెట్టిన చప్పుడయింది, మరదలి అడుగులు ఇటే వస్తున్నాయి. నా సంచిలో ముడతల పైపు ఉంది, కొత్తది, ఎప్పుడూ ఒకటి ఉంటుంది. ఐదు నిమిషాల పని. ఒక చివర కుప్పెకు, ఒక చివర గోడకు, కారడం ఆగిపోతుంది, వాషరు పోయిందమ్మా, మార్చేశాను అంటే ఆమెకేం తెలుస్తుంది. కాఫీ తాగి, పాప ఏ క్లాసు అని అడగవచ్చు. ఆదివారం మా ఆవిణ్ణి కూడా తీసుకురావచ్చు. నిజం చెబితే ఏమవుతుంది, మా ఆయన చేతి పని పోగొట్టింది మీరేనా అంటుంది, ఇప్పుడిప్పుడే సందిచ్చిన తలుపు మొహాన వేస్తుంది, వేస్తే తప్పు కూడా కాదు. చనిపోయినవాడికి నా నిజంతో పనేముంది అని కూడా అనుకున్నాను, ఇంత తెలివి అవసరమైనప్పుడు ఎప్పుడూ రాదు. పైపు చేతిలోకి తీసుకున్నాను. మగ్గు పక్కన నాలుగు ట్యూబు ముక్కలు ఉన్నాయి. వాటిని ఎక్కడ పారేయాలో తెలియలేదు. సంచిలో వేసుకోవడానికి చెయ్యి రాలేదు, చెత్తబుట్టలో వెయ్యడానికి అసలే రాలేదు.

“అయిందా బావగారూ? నేనింకో పావుగంటలో బయల్దేరాలి,” అంది మరదలు, కాఫీ గ్లాసు గుమ్మం దగ్గర స్టూలు మీద పెట్టి.

పొట్టనీ భుజాన్నీ మళ్ళీ బతిమాలుకుని బయటికి జరిగి, నేల మీదే గోడకు ఆనుకుని కూర్చున్నాను. చేతులు గుడ్డతో తుడుచుకున్నాను. ఆమె తొందరపెట్టలేదు, తలుపుకు ఆనుకుని నిలబడింది.

“బేసిన్ బాగానే ఉందమ్మా. వాడు బిగించింది ఏదీ చెడిపోలేదు. గోడలో పైపే తప్పు చోట ఉంది. అది పెట్టింది నేను.”

ఆమె వంగి బేసిన్ కిందికి చూసింది.

“డాక్టరుగారింట్లో కూడా అంతేనమ్మా. అక్కడా పైపు నాదే. వాడి తప్పేం లేదు. నాకు ఆ వారమే తెలిసింది, తెలిసి ఎవరికీ చెప్పలేదు.”

ఏడుస్తుందనుకున్నాను, లేకపోతే అరుస్తుందనుకున్నాను, రెంటికీ తల వంచుకుని సిద్ధంగా కూర్చున్నాను.

“తెలుసు బావగారూ,” అంది.

“వాడు చెప్పాడా?”

“ఆయనెందుకు చెప్తారు. ఇది కారినప్పుడల్లా ఆయనే దూరి బిగించుకునేవారు. ఎవర్నైనా పిలుద్దామంటే ఒంటికాలి మీద లేచేవారు. పని తెలిసినవాళ్ళెవరూ దీన్ని చూడకూడదు అనేవారు. ఎందుకో నాకర్థమయ్యేది కాదు, ఆయన పని ఆయనకే నచ్చలేదేమో అనుకునేదాన్ని.” చెంగుతో కాదు, అరచేత్తో ఒకసారి మొహం తుడుచుకుంది. “పోయిన వారం ఇద్దరు ప్లంబర్లని పిలిచాను. ఇద్దరూ ఒకటే చెప్పారు. బిగించినవాడు మంచి పనివాడమ్మా, గోడలో పెట్టినవాడే కొలత తప్పాడు అన్నారు. ఆ రాత్రి కూర్చుంటే మిగతాదంతా అర్థమైంది.”

“మరి వాళ్ళతోనే చేయించాల్సింది కదమ్మా. నన్నెందుకు పిలిచావు?”

“మీరేం చెప్తారో విందామని.”

కాఫీ మీద మీగడ కడుతోంది. తాగమనలేదు, తాగొద్దనీ అనలేదు. నేను ఇంకా ఏదో అనాలని నోరు తెరిచాను, క్షమించమనే మాట నాలుక చివరిదాకా వచ్చింది, ఆమె అది రాకముందే తల అడ్డంగా ఊపింది.

“చెప్పారు, మంచిదే. కానీ ఇది వినాల్సింది నేను కాదు కదా బావగారూ.”

లోపలికి వెళ్ళి బ్యాగు తెచ్చుకుంది. చెప్పులు వేసుకుంటూ, గోడ పగలగొట్టాలంటే పగలగొట్టండి, సరిగ్గా పెట్టండి అంది. పాప నాలుగింటికి వస్తుంది, అప్పటికి మీ పని అయిపోతుందిగా, తాళం పక్కింట్లో ఇచ్చి వెళ్ళండి అంది. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే, పాప వచ్చేదాకా ఉంటానమ్మా అని అడగడానికి నాకు ధైర్యం వచ్చేదేమో. అలాగేనమ్మా అన్నాను. తలుపు వేసిన చప్పుడు, మెట్లు దిగిన చప్పుడు, తర్వాత వీధి.

ఉలి తీసి పైపు పక్క టైలు మీద పెట్టాను, సుత్తితో కొట్టాను. చేతులు పని మరిచిపోయాయి, మొదటి దెబ్బ వేలి మీద పడింది. తప్పు నాదేరా అన్నాను. ఖాళీ ఇంట్లో పైకే అన్నాను. రెండే మాటలు, ఊపిరి కూడా పట్టలేదు, ఆస్పత్రి గదిలోకి వెళ్ళి అని ఉంటే వాడు, సర్లే అన్నయ్యా, ముందు కూర్చో అనేవాడు, ఆయాసంలో కూడా అదే అనేవాడు, నాకు తెలుసు. అడిగిన వెంటనే వాడు క్షమించేస్తాడని తెలుసు కాబట్టే, ఎప్పుడడిగినా ఒకటేలే అని ఆరేళ్ళు వాయిదా వేసుకున్నాను. టైలు పగిలి ఒళ్ళో పడింది. తప్పు నాదేరా, అన్నాను మళ్ళీ, ఇంకాస్త గట్టిగా.